రెండిళ్ల తెగులు: పైన్ చెట్లకు పట్టే తుప్పు

ఇనుముకు పట్టేదాన్ని తెలుగులో తుప్పు అంటాం, కన్నడంలో తుక్కు అంటారు. మా ఇంట్లో ఈ రెండు మాటల మధ్య ఎప్పుడూ తగువే. అమ్మకు తుక్కు అంటే పాత సామాన్లవాడికి తూకానికి వేసే పనికిరాని ఇనుము. నాన్నకు తుక్కు అంటే గేటు మీద పెచ్చులుగా లేచే ఎర్ర పొడి. "గేటుకు తుక్కు పట్టింది" అని నాన్న అంటే, "గేటే తుక్కు, దానికి మళ్లీ తుక్కెక్కడ పడుతుంది" అని అమ్మ. ఇద్దరికీ పేచీ లేనిది ఆ పొడి రంగు దగ్గర మాత్రమే. ఆ రంగు వల్లే మొక్కలకు వచ్చే కొన్ని జబ్బులకు కూడా అదే పేరు పడింది. తెలుగులో తుప్పు తెగులు, కన్నడంలో తుక్కు రోగ, ఇంగ్లీషులో రస్ట్.

మా తాతవాళ్లది పావగడ దగ్గర పల్లె. శెనక్కాయ చేలో ఈ తెగులు వచ్చినప్పుడు ఆకు తిప్పి చూస్తే అడుగున గుండుసూది తలంత పొక్కులు కనబడతాయి. వేలితో రుద్దితే కుంకుమ అంటినట్టు అంటుకుంటుంది. వ్యవసాయం పుస్తకాల్లో దీన్ని తుప్పు తెగులు అనీ, కుంకుమ తెగులు అనీ రెండు రకాలుగా రాస్తారు. నాకు రెండో పేరే నచ్చింది. ఇంత పాడు పని చేసేదానికి ఇంత మంగళకరమైన పేరు ఎవరు పెట్టారో!

ఇనుము తుప్పుకూ దీనికీ రంగు తప్ప వేరే చుట్టరికం లేదు. ఇది శిలీంధ్రం, అంటే బూజు జాతిది. ఆ కుంకుమ పొడిలో ఒక్కొక్క రేణువూ ఒక సిద్ధబీజం. గాలికి ఎగిరి, తడిగా ఉన్న ఆకు మీద పడి, మొలకెత్తి లోపలికి దూరుతుంది. రొట్టె మీద పట్టే బూజుకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. రొట్టె బూజు చచ్చిన పదార్థం మీద బతుకుతుంది. తుప్పు శిలీంధ్రానికి బతికున్న మొక్కే కావాలి. బతికున్న కణంలో నుంచే తిండి లాక్కుంటుంది. కాబట్టి ఆశ్రయం ఇచ్చిన మొక్క తొందరగా చావడం దానికే నష్టం. అయినా కొన్ని చోట్ల అడవులకు అడవులనే చంపేసింది. నేను చెప్పబోయేది అలాంటి ఒక చోటు గురించి.

పైన్ చెట్ల గురించి రాస్తానంటే హాస్టల్లో కొందరు నవ్వారు. తెలుగు శాఖ గోడపత్రికలో పైన్ చెట్టేమిటి, అదీ దాని జబ్బేమిటి అని. నా గదిలో ఉండే అమ్మాయి బీఎస్సీ వృక్షశాస్త్రం. పరీక్షల ముందు ఆమె ఈ శిలీంధ్రం జీవితచక్రాన్ని పైకి చదువుతుంటే విని, ఇది మన పురాణ కథల్లో శాపాల కంటే మెలికలు తిరిగి ఉందే అనుకున్నాను. తర్వాత ఆమె పుస్తకాలు, లైబ్రరీ పుస్తకాలు నేనే ముందేసుకుని చదివాను. పైన్ మనకు మరీ పరాయిదేమీ కాదు. రంగుల్లో కలిపే టర్పెంటైన్ దీని బంక నుంచే వస్తుంది. ఊటీలో, కొడైకెనాల్‌లో సినిమా పాటలు తీసే తోపులు ఇవే. సంస్కృతంలో దీన్ని సరలం అన్నారు. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలోనే హిమాలయంలో ఏనుగులు ఈ చెట్లకు చెంపలు రుద్దుకుంటే వచ్చే వాసన గురించి రాశాడు. తెలుగులో చాలామంది పైన్‌నూ దేవదారునూ ఒకటే అనేస్తారు కానీ రెండూ వేరు. కాళిదాసు కూడా వేరువేరుగానే చెప్పాడు.

పైన్ ఆకులు సూదుల్లాగా ఉంటాయని అందరికీ తెలుసు. ఆ సూదులు ఒంటరిగా రావు, గుత్తిగా వస్తాయి. కొన్ని జాతులకు గుత్తికి రెండు, కొన్నింటికి మూడు, కొన్నింటికి ఐదు. పోయిన ఏడాది ఊటీ టూరులో నేను ఏరుకొచ్చిన గుత్తుల్లో మూడేసి ఉన్నాయి. ఈ లెక్క ఎందుకంటే, నేను చెప్పే తెగులు ఐదు సూదుల జాతులకే వస్తుంది. ఆ జాతులను ఇంగ్లీషులో వైట్ పైన్లు అంటారు. తెగులు పేరు వైట్ పైన్ బ్లిస్టర్ రస్ట్. తెలుగులో తెల్ల పైన్ బొబ్బ తుప్పు అనుకోవచ్చు. శిలీంధ్రం పేరు క్రోనార్షియం రైబికోలా. రైబికోలా అంటే రైబీస్ మీద కాపురం ఉండేది అని అర్థం. రైబీస్ అనేది పైన్ కాదు, ఇంకో మొక్క. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ శిలీంధ్రానికి రెండు ఇళ్లు కావాలి. ఒక ఇల్లు పైన్. రెండో ఇల్లు రైబీస్ జాతి పొదలు, అంటే కరంట్ పండ్లు, గూస్‌బెర్రీలు కాసే పొదలు. (కరంట్ అంటే మన హాస్టల్లో రాత్రి పోయేది కాదు, చలి దేశాల్లో కాసే చిన్న పుల్లటి పండు. గూస్‌బెర్రీ అనగానే మన ఉసిరి అని కూడా అనుకోకండి, అది వేరే కుటుంబం.) పైన్ నుంచి పైన్‌కు ఈ తెగులు నేరుగా అంటుకోదు. పక్కపక్కన వంద పైన్ చెట్లు ఉండి, ఒకదానికి తెగులు ఉన్నా, మధ్యలో ఆ రెండో మొక్క లేకపోతే మిగతా తొంభైతొమ్మిదికి రాదు. మలేరియా కూడా ఇలాంటిదే కదా. జ్వరం ఉన్న మనిషిని ముట్టుకుంటే రాదు, మధ్యలో దోమ ఉండాలి.

దీని సంసారం ఎలా సాగుతుందో కొంచెం నిదానంగా చెప్తాను, ఇది అర్థమైతేనే తర్వాత జరిగిందంతా అర్థమవుతుంది. ఎండాకాలం చివర్లో, చల్లగా తడిగా ఉన్న రోజుల్లో, రైబీస్ ఆకు అడుగు నుంచి చాలా సున్నితమైన సిద్ధబీజాలు గాలిలోకి లేస్తాయి. ఎండ తగిలినా, గాలి పొడిగా ఉన్నా చచ్చిపోతాయి. కాబట్టి మామూలుగా కొన్ని వందల అడుగులకు మించి పోలేవు. పైన్ సూది మీద పడినదానికి అదృష్టం ఉంటే, సూది మీద ఉండే సన్నటి రంధ్రంలో నుంచి లోపలికి దిగుతుంది. అక్కడ నుంచి సూది మొదలుకు, సూది నుంచి కొమ్మలోకి మెల్లగా పాకుతుంది. దీనికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. బయటికి ఏమీ కనపడదు. తర్వాత కొమ్మ ఉబ్బుతుంది, బెరడు పసుపు తిరుగుతుంది. ముందు తేనెలాంటి జిగట చుక్కలు కారతాయి. ఆ మరుసటి వసంతంలో బెరడు పగిలి తెల్లటి బొబ్బలు లేస్తాయి. బొబ్బ చితికితే లోపల నారింజ రంగు పొడి. ఈ పొడి మొదటిదానిలా సున్నితం కాదు. వందల కిలోమీటర్లు గాలిలో పోయి కూడా బతకగలదు. కానీ ఇది పైన్‌ను ఏమీ చేయలేదు, రైబీస్ ఆకునే పట్టుకుంటుంది. ఆ ఆకు అడుగున నారింజ పొక్కులు లేచి, వేసవి అంతా ఒక రైబీస్ నుంచి ఇంకో రైబీస్‌కు పాకుతూ పెరుగుతుంది. చివరికి అవే ఆకుల కింద గోధుమ రంగు వెంట్రుకల్లాంటివి మొలుస్తాయి. వాటి నుంచి మళ్లీ ఆ సున్నితమైన సిద్ధబీజాలు, మళ్లీ పైన్. మొత్తం ఐదు రకాల సిద్ధబీజాలు, రెండు ఇళ్లు, మూడు నాలుగేళ్ల చుట్టు.

రైబీస్‌కు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆకులు కొంచెం ముందుగా రాలుతాయి, అంతే. చచ్చేది పైన్. పుండు కొమ్మ నుంచి మానులోకి దిగి, మొలతాడు కట్టినట్టు చుట్టూ తిరుగుతుంది. ఆ చుట్టు పూర్తయితే పై భాగం చచ్చిపోతుంది. నారు మొక్క అయితే కొన్నేళ్లలో పోతుంది. పెద్ద చెట్టు పైనుంచి ఎండుకుంటూ ఇరవై ముప్పై ఏళ్లు కూడా ఈడుస్తుంది.

ఇంతకీ ఇది ఎక్కడ పుట్టింది? ఆసియాలో అని శాస్త్రజ్ఞుల మాట. ఆసియా పైన్లు దీనితో తరతరాలుగా బతికాయి కాబట్టి తట్టుకోవడం నేర్చుకున్నాయి. ఉత్తర అమెరికా తెల్ల పైన్లు దీన్ని ఎప్పుడూ చూడలేదు.

అక్కడి తూర్పు తీరం తెల్ల పైన్ మామూలు చెట్టు కాదు. నిటారుగా, ఎత్తుగా, తేలికగా ఉండే దాని మానుతో ఇంగ్లండు రాజుగారి యుద్ధనౌకలకు తెరచాప స్తంభాలు చేసేవాళ్లు. 1691 నుంచి మసాచుసెట్స్‌లో 24 అంగుళాల మందం దాటిన చెట్లన్నీ రాజువే అని చట్టం. చెట్టు మీద బాణం గుర్తు కొడితే ఇక దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఈ పద్ధతి మీద కోపంతో 1772లో న్యూ హాంప్‌షైర్‌లోని వేర్ అనే ఊళ్లో జనం రాజు మనుషులను చెట్టు బెత్తాలతోనే కొట్టి తరిమారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి ముందు జరిగిన గొడవల్లో ఇదీ ఒకటి. మన దగ్గర ఉప్పు మీద జరిగింది, అక్కడ టీ మీద జరిగిందని చదువుకున్నాం, పైన్ మీద జరిగిందని మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఆ చెట్టు విత్తనాలను యూరప్‌వాళ్లు తీసుకుపోయి తమ తోటల్లో, అడవుల్లో విరివిగా నాటారు. అప్పటికే ఆసియా వైపు నుంచి తుప్పు యూరప్‌కు చేరుతోంది. 1854లో బాల్టిక్ ప్రాంతంలో దాన్ని మొదట గుర్తించారు. అమెరికా నుంచి వచ్చిన తెల్ల పైన్ దానికి సులువుగా దొరికింది. కొన్ని దశాబ్దాల్లో యూరప్ అంతా పాకింది.

ఇక్కడి నుంచి కథ చదివితే నాకు నిజంగా ఒళ్లు మండింది. 1900 వచ్చేసరికి అమెరికాలో పాత పైన్ అడవులు చాలావరకు నరికేశారు. మళ్లీ నాటాలి. లక్షల్లో నారు కావాలి. జర్మనీ, ఫ్రాన్సు నర్సరీల్లో నారు చౌకగా దొరుకుతోంది. అమెరికా చెట్టుకు పుట్టిన నారును, అమెరికాలోనే నాటడానికి, యూరప్ నుంచి ఓడలో తెప్పించుకున్నారు. పుట్టింటికి తిరిగొచ్చిన పిల్ల తనతో జబ్బును తెచ్చింది. సూదుల్లో దాగి ఉండగా బయటికి ఏమీ కనపడదని పైన చెప్పాను కదా, అందుకే తనిఖీలో ఎవరికీ దొరకలేదు. 1906లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో రైబీస్ ఆకుల మీద తుప్పు కనబడింది. 1909లో జర్మనీ నుంచి వచ్చిన పైన్ నారులో కనబడింది. పడమటి తీరానికి ఇది తూర్పు నుంచి పాకి రాలేదు, వేరుగా వచ్చింది. 1910లో ఫ్రాన్సు నుంచి కెనడాలోని వాంకూవర్‌కు వచ్చిన నారుతో దిగి, 1921లో గానీ బయటపడలేదు. ఆ పదకొండేళ్లలో అది కొండలెక్కేసింది.

1912లో అమెరికా మొక్కల క్వారంటైన్ చట్టం చేసింది. బయటి దేశాల మొక్కలను ఆపడానికి ఆ దేశం మొత్తానికి చేసిన మొదటి చట్టం అదే. అది రావడానికి ముఖ్య కారణాల్లో ఈ తుప్పు ఒకటి. కోవిడ్ రోజుల్లో మనం క్వారంటైన్ అనే మాట రోజుకు పదిసార్లు విన్నాం. అప్పుడు మనుషులకు చేసినదే, మొక్కలకు వందేళ్ల ముందే చేశారు. కానీ అప్పటికే దొంగ ఇంట్లోకి వచ్చేశాడు.

ఇక నివారణ. ముందుగా అందరికీ తట్టే ఆలోచన ఒకటే: రెండిళ్లలో ఒక ఇల్లు పీకేస్తే? పైన్ విలువైనది, రైబీస్ పొద. కాబట్టి రైబీస్‌ను పీకేద్దాం. రైబీస్ నుంచి లేచే సిద్ధబీజం కొన్ని వందల అడుగులకు మించి పోలేదు కాబట్టి, పైన్ తోపు చుట్టూ దాదాపు 900 అడుగుల మేర రైబీస్ లేకుండా చేస్తే చాలు. ఇది ఊహాగానం కాదు, లెక్క ప్రకారం సరైన మాట. ఇలాంటి పని అంతకుముందే గోధుమలో మొదలైంది. గోధుమ కాండం తుప్పుకు బార్‌బెర్రీ పొద రెండో ఇల్లు. 1918 నుంచి అమెరికాలో బార్‌బెర్రీలు పీకితే గోధుమకు మేలు జరిగింది.

అలా మొదలైన పని దాదాపు 50 ఏళ్లు సాగింది. నల్ల కరంట్ పెంచడం మీద నిషేధం వచ్చింది. 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చి, యువకులకు పని లేక తిరుగుతుంటే, 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సి.సి.సి. అనే ఉపాధి దళం పెట్టింది. మన ఉపాధి హామీ లాంటిదే అనుకోండి, కాకపోతే శిబిరాల్లో ఉండాలి. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 నేరుగా ఇంటికి పంపేవాళ్లు. ఆ కుర్రాళ్లలో చాలామందికి నా వయసే, ఇంకా చిన్నవాళ్లు కూడా. అడవిలో తాళ్లు కట్టి గళ్లుగా విడదీసుకుని, వరసగా నడుస్తూ, కనబడిన ప్రతి రైబీస్ పొదను వేళ్లతో సహా పీకడం వాళ్ల పని. కొండల మీద, వాగుల్లో, ముళ్లల్లో. కోట్ల కొద్దీ పొదలు పీకారు. చదువుతుంటే మా తాతవాళ్ల ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్ల నడుములు గుర్తొచ్చాయి. కాకపోతే వీళ్లది ఒక మడి, రెండు మళ్లు కాదు, రాష్ట్రాలకు రాష్ట్రాలు.

తూర్పు రాష్ట్రాల్లో ఇది కొంతవరకు పనిచేసింది. పడమట కొండల్లో పనిచేయలేదు. ఎందుకంటే రైబీస్ విత్తనం మట్టిలో దశాబ్దాల తరబడి ప్రాణంతో పడి ఉంటుంది. పొదను పీకడానికి మట్టి తిరగేస్తే ఆ విత్తనాలకే మేలు. వేరు ముక్క మిగిలినా మళ్లీ చిగురిస్తుంది. వాగుల పక్కన చల్లటి తడి గాలిలో సిద్ధబీజాలు లెక్కల్లో రాసుకున్న దూరం కంటే ఎక్కువే పోయాయి. 1960లలో ఆ పని మానేశారు, 1966లో కేంద్ర నిషేధం ఎత్తేశారు. ఇంకో సంగతి 2000 దాటాక తేలింది. అమెరికాలో రైబీస్ ఒక్కటే కాదు, పెడిక్యులారిస్, కాస్టిలేజా అనే అడవి పూల మొక్కల్లో కొన్ని కూడా ఈ తుప్పుకు రెండో ఇల్లు కాగలవు. అంటే ప్రతి రైబీస్‌నూ పీకినా దానికి తలుపు తెరిచే ఇల్లు ఇంకోటి ఉంది.

దీన్ని వృథా శ్రమ అని కొన్ని పుస్తకాల్లో ఒక్క వాక్యంలో కొట్టేశారు. నాకు అది సరిగ్గా అనిపించలేదు. పీకినవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్లు పంపిన 25 డాలర్లతో ఇళ్లలో పొయ్యి వెలిగింది. తూర్పున కొన్ని అడవులు నిజంగానే మిగిలాయి. కానీ ఒకచోట పనిచేసిన పద్ధతిని నేల వేరైనా, వాన వేరైనా అదే పట్టుదలతో అన్నేళ్లు సాగించడం మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

మందు కొట్టి చూశారు. 1950ల చివర, 60లలో యాంటీబయాటిక్ జాతి మందులు రెండింటిని విమానాల మీద నుంచి కూడా చల్లారు. ఫలితం లేక వదిలేశారు. నర్సరీలో నారుకు శిలీంధ్రనాశకాలు పనికొస్తాయి, అడవికి పనికిరావు.

కొమ్మలు కొట్టడం మాత్రం ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి. నేలకు దగ్గరగా గాలి చల్లగా, తడిగా ఉంటుంది కాబట్టి తెగులు ఎక్కువగా కింది కొమ్మలకే వస్తుంది. చిన్న చెట్ల కింది కొమ్మలు ముందే తీసేస్తే తుప్పు దిగడానికి చోటు తగ్గుతుంది. పుండు కొమ్మ మీదే ఉండి, ఇంకా మానును చేరకపోతే, ఆ కొమ్మ కోసేస్తే చెట్టు బతుకుతుంది. మానుకు రెండడుగుల పైన దూరంలో ఉంటే అది సాధారణంగా మానును చేరేలోపే కొమ్మ ఎండి, దానితోపాటు శిలీంధ్రం కూడా చస్తుంది. బతికున్నదాని మీదే బతుకుతుందని మొదట చెప్పిన గుణం ఇక్కడ చెట్టుకు మేలు చేస్తుంది. పెరటి చెట్టుకైతే ఇది చాలు. అడవంతా కత్తిరించలేం.

మిగిలిన దారి, తట్టుకునే చెట్టును వెతకడం. వందల చెట్లు చచ్చిన కొండ మీద ఒకటో రెండో పచ్చగా నిలబడి ఉంటాయి. అదృష్టం కొద్దీ తప్పించుకున్నాయా, లేక వాటి రక్తంలోనే ఏదైనా ఉందా? ఐడహోలో రిచర్డ్ బింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో అలాంటి పడమటి తెల్ల పైన్లను గుర్తుపెట్టి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, విత్తనం తీసి, నారుకు కావాలనే తుప్పు అంటించి, మిగిలినవాటిని మళ్లీ కలిపి తట్టుకునే రకాలు తయారుచేసే పని మొదలుపెట్టాడు. ఆరెగాన్ రాష్ట్రంలో డొరీనా అనే చోట కూడా 1960ల నుంచి ఇదే పని. రైబీస్ ఆకులను నారు పైన వలల మీద పరిచి, చల్లటి తడి గదిలో ఉంచుతారు. సిద్ధబీజాలు కిందికి రాలుతాయి. తర్వాత ఏళ్ల తరబడి ఏది చచ్చింది, ఏది బతికింది అని లెక్క. చెట్ల పెంపకం అంటే అంత ఓపిక ఉండాలి.

షుగర్ పైన్ అనే జాతిలో (దీని కాయ అడుగున్నర పొడవు ఉంటుంది, మూడు గోడపత్రికలు కింద పడకుండా పెట్టొచ్చు) ఒకే ఒక్క జన్యువు తుప్పును పూర్తిగా ఆపేస్తుందని 1970 నాటికి తెలిసింది. అందరూ సంబరపడ్డారు. కొన్నేళ్లకే కాలిఫోర్నియాలో హ్యాపీ క్యాంప్ అనే ఊరి దగ్గర ఆ జన్యువును కూడా దాటేసే తుప్పు రకం బయటపడింది. ఊరి పేరు చూడండి! కరంట్ పొదల్లోనూ ఇంతే అయింది. తుప్పు పట్టని నల్ల కరంట్ రకాలు వచ్చాయని కొన్ని రాష్ట్రాలు నిషేధం సడలించాయి, న్యూయార్క్ 2003లో ఎత్తేసింది. కొన్నేళ్లు తిరగకుండానే అమెరికా ఈశాన్యంలో ఆ రకాలకూ తుప్పు పట్టింది.

ఇది మన కర్ణాటకవాళ్లకు కొత్త కథేమీ కాదు. చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటల్లో ఆకు తుప్పు ఉంది, అది వేరే శిలీంధ్రం. 1869లో శ్రీలంకలో బయటపడి అక్కడి కాఫీని తుడిచిపెట్టేసింది, ఆ వెంటనే మనకూ వచ్చింది. 1911లో మైసూరు సీమలో కెంట్ అనే తోట యజమాని తెగులు పట్టిన తోటలో బాగున్న ఒక మొక్కను చూసి దాని విత్తనం తీశాడు. కెంట్స్ కాఫీ అని దానికి చాలా పేరు వచ్చింది. కొంతకాలానికి తుప్పులో కొత్త రకం వచ్చి దాన్నీ పట్టింది. అందుకే ఇప్పుడు పైన్ పని చేసేవాళ్లు ఒక్క జన్యువును నమ్ముకోరు. పూర్తిగా ఆపకపోయినా, తుప్పును నెమ్మదిగా పాకేలా చేసే చిన్న చిన్న గుణాలు ఒకే చెట్టులో కూడేలా చూస్తున్నారు. కెనడాలోని అంటారియోలో తూర్పు తెల్ల పైన్‌ను మన హిమాలయాల నీలి పైన్‌తో కలిపి చూశారు. దానికీ గుత్తికి ఐదు సూదులే, కానీ ఆసియా చెట్టు కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది.

హిమాలయాల్లోని చీర్ పైన్‌కు మూడు సూదులు, దానికి ఈ తుప్పు రాదు. కానీ దానికి వేరే తుప్పు ఉంది, క్రోనార్షియం హిమాలయెన్సే అని. దాని రెండో ఇల్లు స్వెర్షియా జాతి మొక్కలు. ఆయుర్వేదంలో జ్వరానికి వాడే చేదు చిరాయత ఆ జాతిదే. మనిషికి మందు, పైన్‌కు జబ్బు. అక్కడ నర్సరీల చుట్టూ స్వెర్షియా లేకుండా చూసుకోవడమే సులువైన జాగ్రత్త. చిన్న చోటు కాబట్టి అక్కడ పీకడం కుదురుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టంలో ఉన్నది వైట్‌బార్క్ పైన్. ఇది కలప చెట్టు కాదు. రాకీ పర్వతాల్లో, చెట్లు ఆగిపోయే ఎత్తులో, గాలికి వంకర్లు తిరిగి ఉంటుంది. రాజులకు దీని మీద ఎప్పుడూ కన్ను పడలేదు. దాని కాయ తనంతట తాను విచ్చుకోదు. క్లార్క్ నట్‌క్రాకర్ అనే బూడిద రంగు పక్షి ముక్కుతో చీల్చి, గింజలు నాలుక కింది సంచిలో నింపుకుని పోయి, మూడు నాలుగు గింజలు ఒక్కో చోట మట్టిలో దాచుతుంది. ఒక్కో పక్షి ఏడాదిలో వేల కొద్దీ దాచి, మంచు కింద కూడా వాటిని గుర్తుపట్టి తీసుకుంటుంది. తినగా మిగిలినవే మొలుస్తాయి. ఉడుతలు కాయలు కుప్ప పోసుకుంటే ఎలుగుబంట్లు ఆ కుప్పలు దోచుకుని చలికాలానికి కొవ్వు పట్టించుకుంటాయి. చెట్ల నీడలో మంచు మెల్లగా కరుగుతుంది కాబట్టి కింది వాగుల్లో ఎండాకాలం దాకా నీళ్లుంటాయి. ఆ చెట్టు పోతే ఇంతమందికి దెబ్బ. 2016 నాటికి అమెరికాలో నిలబడి ఉన్న వైట్‌బార్క్ పైన్లలో 51 శాతం చచ్చినవే. బెరడు పురుగు, కార్చిచ్చు, వేడెక్కుతున్న వాతావరణం కూడా కారణాలే కానీ, పెద్ద కారణం తుప్పు. 2022 డిసెంబరులో దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

తుప్పుకు తట్టుకున్న వైట్‌బార్క్ చెట్లు అక్కడక్కడా ఉన్నాయి. వేసవి మొదట్లో మనుషులు ఆ చెట్లెక్కి, పక్షులూ ఉడుతలూ తినకుండా కాయలకు ఇనుప తీగ బోనులు తొడిగి దిగుతారు. కాయ ముదిరాక మళ్లీ ఎక్కి కోస్తారు. ఆ విత్తనాల నారుకు తుప్పు అంటించి పరీక్ష చేసి, నెగ్గిన కుటుంబాల నారునే కొండ మీద నాటుతారు. ఈ చెట్టు మొదటి కాయ కాయడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. పక్షికి పంచిపెట్టేటన్ని కాయలు రావాలంటే అరవై ఏళ్లు దాటాలి.